ఇంగ్లీషు మాటల్లో సిలబుల్స్: చెవితో లెక్క

‘కమలం’ అన్న మాటను కాగితం మీద చూడగానే అందులో మూడు సిలబుల్స్ (ఒక్కో అచ్చు ధ్వనితో పలికే ముక్కలు) ఉన్నాయని తెలుగు చదవడం వచ్చినవారెవరైనా చెప్పగలరు. ఇంగ్లీషు మాట్లాడే దేశానికి కొత్తగా వచ్చినవారు ఈ అలవాటును పక్కన పెట్టి, స్పెల్లింగులో కనిపించే అచ్చులను కాక, నోట పలికే అచ్చులను లెక్కపెట్టాలి. ‘క్యూ’ స్పెల్లింగులోని ఐదు అక్షరాలలో నాలుగు అచ్చులే అయినా అది ఒకే సిలబుల్. ‘రిథమ్’ స్పెల్లింగులో ఏ, ఈ, ఐ, ఓ, యూలలో ఒక్కటీ లేకపోయినా పలుకులో రెండు సిలబుల్స్ వినిపిస్తాయి.

మనవారు ఎక్కువగా తడబడేది మాట చివర. అచ్చుతో ముగించడం మనకు అలవాటు కనుక ‘బస్’ మన నోట ‘బస్సు’ అయి, ఒక సిలబుల్ కాస్తా రెండవుతుంది. భూతకాల క్రియల్లో చివర ‘ఈడీ’ కనిపించినా ‘వాక్డ్’, ‘ఆస్క్డ్’ ఒక్కొక్క సిలబులే. మూలక్రియ ట, డ ధ్వనులతో ముగిసినప్పుడే ‘వాంటెడ్’, ‘నీడెడ్’ లాగా మరొకటి చేరుతుంది. బట్టలను చెప్పే ‘క్లోద్స్’ కూడా ఒకటే, దానిని ‘క్లోతెస్’ అనకూడదు.

మాట మధ్యలో అచ్చులు మాయమవడం మరో చిక్కు. బుధవారం పేరు ‘వెన్జ్‌డే’ అని రెండు సిలబుల్స్‌లోనే ముగుస్తుంది. ‘కంఫర్టబుల్’ను సాధారణంగా ‘కంఫ్టబుల్’ అని మూడింటిలో పలుకుతారు. ఇంగ్లండ్‌లోని వుస్టర్, లెస్టర్ ఊళ్ల పేర్లు బోర్డు మీద ఎంత పొడవుగా కనిపించినా రెండేసి సిలబుల్సే. ‘సెక్రటరీ’ని అమెరికాలో నాలుగు సిలబుల్స్‌తో పలికితే, బ్రిటన్‌లో చాలామంది ‘సెక్రట్రీ’ అని మూడింటితో సరిపెడతారు కాబట్టి, ఏది సరైనదన్న వాదన అనవసరం.

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుల్స్ అని లెక్కించే పద్ధతి బాగానే ఉంటుంది గాని, మాటను మన యాసలో పలికితే దవడ కూడా ఆ తప్పు లెక్కనే చెబుతుంది. అందుచేత ముందు ఆన్‌లైన్ నిఘంటువులో ఉచ్చారణ విని, దానిని అనుకరించిన తర్వాతే లెక్కపెట్టాలి. కొన్ని నిఘంటువులు మాట మధ్యలో ఉంచే చుక్కలు, పంక్తి చివర మాటను ఎక్కడ విరవవచ్చో చూపేవి. వాటిని సిలబుల్స్‌గా పొరబడకూడదు.

లెక్క కుదిరినా ఊనిక (ఒక సిలబుల్‌ను మిగతావాటికన్నా నొక్కి పలకడం) తప్పితే ఎదుటివారికి అర్థం కాకపోవచ్చు. ‘థర్టీన్’, ‘థర్టీ’ రెండూ రెండేసి సిలబుల్సే. విడిగా పలికినప్పుడు మొదటిదానిలో ఊనిక చివరి సిలబుల్ మీద, రెండవదానిలో మొదటి సిలబుల్ మీద పడుతుంది. ఫోనులో ఇంటి నంబరు చెప్పేటప్పుడు ‘థర్టీన్, వన్ త్రీ’ అని అంకెలను విడదీసి మరోసారి చెప్పడం మేలు.