వైఫైలో ఎవరో దూరారా? పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకోకండి

ఈ మధ్య తెలిసినవాళ్ళింట్లో జరిగింది. రౌటర్ లిస్టులో తమది కాని ఫోన్ ఒకటి కనబడింది. వెంటనే వైఫై పాస్‌వర్డ్ మార్చారు. ఆ ఫోన్ పోయింది, టెన్షన్ తీరిందనుకున్నారు. కొన్నాళ్ళకు ఇంట్లో ఎవరు ఏ సైటు తెరిచినా ఎక్కడెక్కడి పేజీలకో పోవడం మొదలైంది. చూస్తే రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరు కొడితే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే సర్వర్) అడ్రస్ మారిపోయి ఉంది. దూరినవాడు పోయాడు గానీ వాడు చేసిన మార్పు అలాగే ఉండిపోయింది. రౌటర్ సెట్టింగ్స్‌కి యూజర్‌నేమ్ 'అడ్మిన్', పాస్‌వర్డ్ కూడా 'అడ్మిన్'. కొన్నప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపు తాళమైతే, అడ్మిన్ పాస్‌వర్డ్ బీరువా తాళం. మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు.

అనుమానం ఎప్పుడు పడాలి

నెట్ నెమ్మదిస్తే దొంగ దూరినట్టు కాదు. ఎక్కువసార్లు అది ఫోన్ అప్‌డేట్లో, ఫొటోల బ్యాకప్పో, పక్కింటి రౌటర్ కూడా అదే ఛానల్ మీద ఉండటమో అయివుంటుంది. రౌటర్ లైట్లు ఆగకుండా మెరవడం కూడా గట్టి గుర్తు కాదు. మీ వాడకంలో ఏ మార్పూ లేకుండా నెల డేటా లెక్క పెరిగితే మాత్రం కూర్చుని చూడాల్సిందే.

లిస్టు ఎలా చదవాలి

బ్రౌజర్‌లో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొట్టండి. రెండూ కాకపోతే ఫోన్ వైఫై వివరాల్లో 'గేట్‌వే' అని ఉన్న అడ్రస్ కొట్టండి. లోపల కనెక్ట్ అయిన పరికరాల లిస్టు ఉంటుంది.

ఇక్కడ రెండు రకాలుగా పొరబడతారు. 'ఈఎస్‌పీ' అని మొదలయ్యే పేరు చూసి హడలిపోతారు. చాలాసార్లు అది మీరు పెట్టుకున్న స్మార్ట్ బల్బో ప్లగ్గో. రెండోది, ఫోన్ డబ్బా మీది మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) లిస్టును పోల్చి, కలవలేదని కంగారుపడతారు. ఆండ్రాయిడ్ 10 (2019), ఐఓఎస్ 14 (2020) నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మారు అడ్రస్ చూపిస్తున్నాయి. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఈలలో ఒకటైతే అది అలాంటి మారు అడ్రస్సే. మీ ఫోన్ ఇప్పుడు ఏ అడ్రస్ వాడుతోందో దాని వైఫై వివరాల్లోనే ఉంటుంది, దాంతో పోల్చండి.

ఇంకా తేలకపోతే ఒక్కో పరికరంలో వైఫై ఆపుతూ లిస్టు రిఫ్రెష్ చేయండి. 'డీహెచ్‌సీపీ' లిస్టులో (రౌటర్ ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో రాసుకునేది) వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా కొంతసేపు నిలిచిపోతాయి. ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నవాటి లిస్టే చూడండి. మీరు లిస్టు చూస్తున్నది తప్ప అన్నీ ఆపాక కూడా ఇంకొకటి మిగిలితే, అదీ మీరు వెతుకుతున్నది.

దొరికాక

ముందు స్క్రీన్‌షాట్, తేదీ, టైమ్ కనబడేలా. మీ కనెక్షన్ మీద ఎవడు ఏం చేసినా మొదట అడిగేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ళనే. రీసెట్ చేస్తే లాగ్ (రౌటర్ రాసుకునే చిట్టా) చెరిగిపోతుంది, ఆ తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫైది కాదు, అడ్మిన్‌ది. ఆ తర్వాతే వైఫైది.

రిమోట్ మేనేజ్‌మెంట్ (ఇంటి బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరిచే వీలు) ఆపండి. అది తెరిచి ఉండి, అడ్మిన్ పాత పాస్‌వర్డే ఉంటే, వాడు బయటి నుంచే మీ సెట్టింగ్స్ పేజీ తెరుస్తాడు. చాలా రౌటర్లలో కొత్త వైఫై పాస్‌వర్డ్ ఆ పేజీలోనే రాసి ఉంటుంది. ఇక మీరు ఎన్నిసార్లు మార్చి ఏం లాభం?

డీఎన్‌ఎస్, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లోని పరికరానికి దారి తెరిచే సెట్టింగ్) చూడండి. మీరు పెట్టనిది ఉంటే తీసేయండి. అర్థం కాకపోతే ఫ్యాక్టరీ రీసెట్. అంతకుముందే నెట్ కంపెనీ ఇచ్చిన లాగిన్ వివరాలు రాసిపెట్టుకోండి.

రీసెట్ అయ్యాక అడ్మిన్ పాస్‌వర్డ్ మళ్ళీ మొదటిదే అవుతుంది. మళ్ళీ మార్చాలి. ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ చేసే పద్ధతి) ఆపండి. దాని పిన్ 8 అంకెలే గానీ, రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది. అందుకే 11,000 ప్రయత్నాలు చాలని 2011లోనే బయటపడింది. పిన్ దొరికితే ఎంత పొడుగు పాస్‌వర్డ్ అయినా రౌటరే చెప్పేస్తుంది. రీసెట్ తర్వాత ఇదీ తిరిగి ఆన్ కావచ్చు.

వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి. పాత రకం డబ్ల్యూఈపీ వద్దే వద్దు.

నెట్‌వర్క్ పేరు దాచి, మ్యాక్ ఫిల్టర్ (ఫలానా మ్యాక్ అడ్రస్‌లనే రానిచ్చేది) పెట్టి ధీమాగా ఉండకండి. దాచిన పేరు బయటపడుతుంది, మ్యాక్ అడ్రస్‌ను కాపీ కొట్టొచ్చు.

వచ్చిపోయేవాళ్ళకు, బల్బులకు, కెమెరాలకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్‌లో విడిగా పెట్టే వైఫై) ఇవ్వండి.

వైఫై క్యూఆర్ కోడ్ ఫొటో గ్రూపుల్లో పెట్టకండి. అందులో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు ఉంటుంది.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.

పక్కింటి తలుపు తట్టి గొడవకు దిగకండి. ఆ అడ్రస్ ఏ ఇంటిదో మీ లిస్టు చెప్పదు.

దూరినవాడి ఫోన్‌లోకి మీరు తిరిగి దూరాలని చూడకండి, అది నేరం.

డీఎన్‌ఎస్ మారి ఉంటే ఆ రోజుల్లో వాడిన బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. రౌటర్ శుభ్రం అయ్యేదాకా ఆగలేకపోతే ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద మార్చండి.