ఐసో అంటే సమానం. సరే, ఏది సమానం?

ఐసోటోపు, ఐసోబారు, ఐసోమరు. సైన్సు చదివినవాళ్లకు ఈ పదాల నిర్వచనాలు కంఠతా వచ్చు. పరీక్షలో నాలుగు పరమాణువులిచ్చి జతపరచమంటే మాత్రం తారుమారవుతాయి. ‘ఐసో’ అంటే సమానం అని నేర్చుకుని అక్కడే ఆగిపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. సమానం అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. తూకంలో సమానమా, ఎత్తులోనా, చోటులోనా? ఆ సంగతి పదం వెనక సగంలో ఉంటుంది.

అందుకే ఐసోతో మొదలయ్యే పదం ఎదురైతే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఐసో తీసేస్తే మిగిలిన ముక్కకు అర్థమేమిటి? అది వేటి మధ్య సమానం: పరమాణువుల మధ్యా, పటం మీద ఊళ్ల మధ్యా, ఒకే వాయువు ముందు స్థితికీ తర్వాతి స్థితికీ మధ్యా? అది సమానమైతే మరి తేడా దేంట్లో? ఈ మూడో ప్రశ్నను చాలామంది అడగరు. అన్నింట్లోనూ సమానమైతే అవి రెండు వస్తువులే కావు. ఐసో అన్నచోట ఎక్కడో ఒక తేడా కూడా కూర్చునే ఉంటుంది, ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ల కన్ను దాని మీదే.

పరమాణువుల దగ్గర

ఐసోటోపులో ‘టోపోస్’ గ్రీకు మాట, చోటు అని అర్థం. ఏ చోటు? ఆవర్తన పట్టికలో గడి. 1913లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ ఈ భావన చెప్పినప్పుడు పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే స్కాట్లండ్ వైద్యురాలు. మన పుస్తకాల్లో ఉన్న ‘సమస్థానీయం’ దీనికి అచ్చమైన అనువాదం. గడి ఒకటే కాబట్టి ప్రోటాన్లు సమానం, తేడా న్యూట్రాన్లలో. క్లోరిన్-35, క్లోరిన్-37 రెండింటికీ ప్రోటాన్లు 17. న్యూట్రాన్లు 18, 20. ప్రకృతిలో ఇవి దాదాపు 3:1 పాళ్లలో ఉంటాయి కనుకనే పట్టికలో క్లోరిన్ పరమాణు భారం 35.5 అని కనిపిస్తుంది.

ఐసోబారులో ‘బారోస్’ అంటే బరువు. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన మొత్తం) సమానం, ప్రోటాన్లు వేరు: ఆర్గాన్-40, పొటాషియం-40, కాల్షియం-40. తెలుగువాళ్లకు ‘భారం’ అన్న మాట ఇక్కడ మంచి కొండగుర్తు. నిజానికి ఆ పోలిక ఉచ్చారణ వరకే. గ్రీకు బారోస్‌కు సంస్కృతంలో అసలు చుట్టం ‘గురు’, అంటే గురుత్వంలోని గురు. పరీక్షకు భారమే చాలు.

ఐసోటోన్ దగ్గర మన పద్ధతి పనిచేయదు. వెనక సగానికి గ్రీకు అర్థం వెతికితే ‘టోనోస్’, అంటే బిగువు, దొరుకుతుంది, కానీ ఇక్కడ దానికి సంబంధం లేదు. ఐసోటోపులో ప్రోటాన్‌ను గుర్తుచేసే ‘ప్’ తీసి, న్యూట్రాన్ కోసం ‘న్’ పెట్టి తయారుచేసిన పదమిది. కాబట్టి చివరి అక్షరమే చూడండి: ప్ ఉంటే ప్రోటాన్లు సమానం, న్ ఉంటే న్యూట్రాన్లు సమానం.

ఇప్పుడు కార్బన్-14ను మధ్యలో పెట్టి కార్బన్-12, నైట్రోజన్-14, నైట్రోజన్-15లతో పోల్చండి. ముందుగా ప్రతి పేరు పక్కనా ప్రోటాన్ల సంఖ్య రాసుకోవాలి: కార్బన్‌కు 6, నైట్రోజన్‌కు 7. తర్వాత పేరులోని సంఖ్య నుంచి దాన్ని తీసివేయాలి. కార్బన్-14కు 8 న్యూట్రాన్లు, కార్బన్-12కు 6, నైట్రోజన్-14కు 7, నైట్రోజన్-15కు 8. అంటే కార్బన్-12తో ఐసోటోపు, నైట్రోజన్-14తో ఐసోబారు, నైట్రోజన్-15తో ఐసోటోన్. పేరు పక్కనున్న 14నే న్యూట్రాన్ల సంఖ్య అనుకుని తీసివేత మానేయడం వల్లనే ఎక్కువ తప్పులు వస్తాయి.

పటం మీద గీతలు

భూగోళంలో ఐసో అంటే గీత. ఒక కొలత సమానంగా ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత. ఉష్ణోగ్రతకు ఐసోథర్మ్, మన సమోష్ణ రేఖ. దీన్ని 1817లో జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్ ప్రవేశపెట్టాడు. ‘థర్మోస్’కు సంస్కృతంలో తోబుట్టువు ‘ఘర్మ’, ఘర్మజలం అంటే చెమట అని గుర్తుంటే ఈ పదం మరిచిపోరు. వానకు ఐసోహయట్ (హయటోస్ అంటే వాన), ఉప్పదనానికి ఐసోహేలైన్, సముద్రపు లోతుకు ఐసోబాత్. వాతావరణ పీడనానికి మళ్లీ ఐసోబారే. పరమాణువుల ఐసోబారూ ఇదీ పేరుకు ఒకటే, పని వేరు. ప్రశ్నలో పటం ఉందా పరమాణువు ఉందా చూసుకుంటే చాలు. మ్యాపులో ఎత్తును చూపే కాంటూరుకు ఇంగ్లిషు పేరులో సమానత్వం కనబడదు గానీ, తెలుగులో ‘సమోన్నత రేఖ’ అని దాని గుణమంతా పేరులోనే పెట్టేశారు. ఈ విషయంలో మన మాటే మెరుగు.

సమవర్షపాత రేఖ గీయడం చేత్తో చేసి చూడాల్సిన పని. రెండు ఊళ్ల మధ్య దూరం 24 కిలోమీటర్లు, ఒకచోట వాన 60 మిల్లీమీటర్లు, రెండోచోట 100 అనుకుందాం. తేడా 40. 70 గీత మొదటి ఊరి నుంచి ఎంత దూరంలో పోవాలి? 40లో 10 అంటే నాలుగో వంతు, 24లో నాలుగో వంతు 6 కిలోమీటర్లు. అదే లెక్కన 80 గీత 12 దగ్గర, 90 గీత 18 దగ్గర. చుట్టూ ఉన్న ఊళ్ల జతలన్నిటికీ ఇలాగే చుక్కలు పెట్టి, ఒకే విలువ ఉన్న చుక్కల్ని నున్నగా కలపాలి. రెండు వేర్వేరు విలువల గీతలు ఒకదాన్నొకటి దాటాయంటే ఎక్కడో తప్పు చేశారన్నమాట. ఒకే చోట ఒకేసారి 70, 80 మిల్లీమీటర్లు కురవవు కదా. ఇంకో సంగతి: ఈ లెక్కంతా వాన ఒక ఊరి నుంచి రెండో ఊరికి క్రమంగా పెరిగిందన్న ఊహ మీద నడుస్తుంది. మధ్యలో తూర్పు కనుమలు అడ్డుంటే గాలి వచ్చే వైపు వాలు మీద ఎక్కువ కురిసి, వెనక వైపు తగ్గుతుంది. అలాంటిచోట స్కేలు పెట్టి భాగాలు చేయకుండా కొండల వరసను చూసి గీత వంచాలి.

సమభార రేఖలకు, అంటే పటం మీది ఐసోబార్లకు, ఇంకో మెలిక ఉంది. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడి పీడనం విశాఖపట్నంతో పోలిస్తే ఎప్పుడూ దాదాపు 60 మిల్లీబార్లు తక్కువే చూపిస్తుంది. ఆ అంకెల్ని ఉన్నదున్నట్టు పటం మీద వేస్తే దక్కన్ పీఠభూమి మీద ఏడాది పొడవునా అల్పపీడనమే! అందుకే ప్రతి ఊరి పీడనాన్నీ ముందు సముద్ర మట్టానికి సరిచేసి, ఆ తర్వాతే గీతలు గీస్తారు. గీతలు ఒత్తుగా ఉన్నచోట గాలి జోరు ఎక్కువ.

భాషకు కూడా ఇలాంటి గీత ఉంది, ఐసోగ్లాస్. ‘గ్లాసా’ అంటే నాలుక. ఉల్లిగడ్డ అనే ఊళ్లు ఒకవైపు, ఉల్లిపాయ అనేవి ఇంకోవైపు, ఎర్రగడ్డ అనేవి మరోవైపు పడేలా గీతలు గీస్తే తెలుగు మాండలికాల పటం మొదలవుతుంది. గమనించారా, ఇది సమానమైన చోట్లను కలిపే గీత కాదు, వేరైన చోట్లను విడదీసే గీత. పేరు పాతదాని అచ్చులోనే పోసినా అర్థం పక్కకు జరిగింది.

వాయువు, సెలైను, పెరుగు

ఉష్ణగతిక శాస్త్రంలో సమానమనేది ఒకే వాయువుకు సంబంధించింది: మార్పు జరుగుతున్నంతసేపూ ఒక రాశి మారదు. ఐసోథర్మల్‌లో ఉష్ణోగ్రత, ఐసోబారిక్‌లో పీడనం, ఐసోకోరిక్‌లో ఘనపరిమాణం (‘కోరా’ అంటే స్థలం). ఉష్ణోగ్రత మారలేదంటే వేడి లోపలికి రాలేదు, బయటికి పోలేదు అనుకోవడం ఇక్కడ అందరూ పడే గుంట. ఉన్నది సరిగ్గా తిరగేసి. వాయువు వ్యాకోచిస్తూ పని చేస్తుంటే దాని ఉష్ణోగ్రత పడిపోకుండా నిలవాలంటే బయటి నుంచి వేడి వస్తూనే ఉండాలి. వేడి రాకపోకలు లేనిది అడయాబాటిక్, స్థిరోష్ణక ప్రక్రియ. ‘స్థిరోష్ణక’ అన్న తెలుగు మాట ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచిందని చెప్పక తప్పదు, వినగానే ఉష్ణోగ్రత స్థిరం అనిపిస్తుంది మరి.

ఆస్పత్రిలో ఎక్కించే సెలైను ఐసోటోనిక్. బిగువు అనే ‘టోనోస్’ నిజంగా ఉన్నది ఇక్కడే. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అంటే 0.9 శాతం. రక్తంతో సమానమైంది నీటిని లాగే బలం, లోపలి పదార్థాలు కాదు. రక్తంలో ఉన్నవన్నీ సెలైనులో ఎక్కడున్నాయి? లీటరుకు 50 గ్రాముల గ్లూకోజు ఉండే 5 శాతం డెక్స్‌ట్రోజు సీసా కూడా ఐసోటోనిక్కే. 9 గ్రాముల ఉప్పుకు 50 గ్రాముల గ్లూకోజు దీటు ఎలా అయింది? లెక్కకు వచ్చేది కణాల సంఖ్య, బరువు కాదు. గ్లూకోజు అణువు బరువైనది, పైగా ఉప్పు నీటిలో రెండేసి అయాన్లుగా విడిపోతుంది. ఈ సమానత్వం తప్పితే ఏమవుతుంది? ఉత్త నీరు నేరుగా రక్తంలోకి పోతే ఎర్ర రక్తకణాలు నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. ఉప్పు ఎక్కువైతే నీరు కోల్పోయి ముడుచుకుపోతాయి.

సమానత్వం ఒకే వస్తువు లోపల కూడా ఉండవచ్చు. పాలలోని కేసీన్ ప్రోటీను మీద ధన, రుణ ఆవేశాలు సరిసమానమయ్యే పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 4.6. దాని పేరు ఐసోఎలక్ట్రిక్ బిందువు. తోడు వేశాక పులుపు పెరిగి అక్కడికి చేరేసరికి కేసీన్ కణాలు ఒకదాన్నొకటి తోసుకోవడం మాని గుంపు కడతాయి. పెరుగు గట్టిగా తోడుకోవడమంటే అదే.

ఐసో ఉన్నా సమానం కాని చోట్లు

ఐసోమరులో ‘మెరోస్’ అంటే భాగం. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1830లో పెట్టిన పేరు. భాగాలు సమానం, అమరిక వేరు: బ్యూటేన్‌లోనూ ఐసోబ్యూటేన్‌లోనూ నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు. ఒకటి తిన్నని గొలుసు, −0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రెండోది కొమ్మ ఉన్నది, −11.7 దగ్గర మరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఐసోబ్యూటేన్ పేరులో ఐసో తీసేసి, ‘బ్యూటేన్ సమానం’ అని చదివితే అర్థం రాదు. ఇక్కడ ఐసో అన్నది ఐసోమరు అన్న పూర్తి పదానికి పొట్టి రూపం. ‘బ్యూటేన్ తాలూకు ఐసోమరు’ అని చదువుకోవాలి. శానిటైజర్లలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పెట్రోలు ఆక్టేన్ విలువకు 100 అనే కొలబద్దగా పెట్టుకున్న ఐసోఆక్టేన్, ప్రోటీన్లలోని ఐసోల్యూసిన్ అన్నీ ఈ కోవలోవే. క్షయకు వాడే ఐసోనియాజిడ్ కూడా అంతే, నికోటినిక్ ఆమ్లానికి ఐసోమరైన ఐసోనికోటినిక్ ఆమ్లం నుంచి వచ్చిన పేరు. సూటి గుర్తు: ఐసో తీసేశాక మిగిలింది ఒక రసాయనం పేరైతే అది ఐసోమరు ఐసో; ఒక కొలతో గుణమో అయితే సమానం ఐసో.

ఐసోలేషన్‌కు గ్రీకుతో సంబంధమే లేదు. లాటిన్‌లో ‘ఇన్సులా’ అంటే దీవి. ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా వచ్చి ఐసోలేట్ అయింది, దీవిలా విడిగా ఉంచడం అన్నమాట. ఇన్సులిన్ దీని తోబుట్టువే, క్లోమంలో దీవుల్లా ఉన్న కణాల గుంపుల నుంచి వస్తుంది కాబట్టి ఆ పేరు.

వస్తువుల మీద కనిపించే ఐఎస్ఓ ముద్ర సంగతి వేరు. జెనీవాలోని ఆ ప్రమాణాల సంస్థ 1947లో మొదలైంది. ఇంగ్లిషు పేరు ‘ఇంటర్నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ స్టాండర్డైజేషన్’లోని మొదటి అక్షరాలు వరసగా రాస్తే ఐఓఎస్ అవ్వాలి. ఒక్కో భాషలో ఒక్కో పొట్టి పేరు రాకుండా గ్రీకు ‘ఐసోస్’ నుంచి ఒకటే తీసుకున్నామని సంస్థ చెబుతుంది. కెమెరాలోని ఐఎస్ఓ అంకెలు ఆ సంస్థ ప్రమాణం పేరు మీదివే.

ఈక్వి

సమానం అని చెప్పే ఇంకో ముక్క ఈక్వి. ఇది లాటిన్, ‘ఎయిక్వుస్’ నుంచి. గ్రీకు తోకలకు ఐసో, లాటిన్ తోకలకు ఈక్వి అతుకుతాయన్నది చాలావరకు నిలిచే సూత్రం. త్రిభుజాల్లోనే చూడండి: సమద్విబాహు త్రిభుజానికి ఐసోసెలిస్, ‘స్కెలోస్’ గ్రీకులో కాలు, సమబాహు త్రిభుజానికి ఈక్విలేటరల్, ‘లాటస్’ లాటిన్‌లో పక్క. రెండు కాళ్లు సమానమైతే మొదటిది, అన్ని పక్కలూ సమానమైతే రెండోది.

మిగిలినవి ఇట్టే విడిపోతాయి. ఈక్విలిబ్రియంలో ‘లిబ్రా’ త్రాసు. ఈక్వివలెంట్‌లో ‘వలేరే’, విలువ కలిగి ఉండడం. తెలుగులో దీనికి సమం కన్నా ‘తుల్యం’ నప్పుతుంది, తుల్యాంక భారం అన్నట్టు. ఈక్వివోకల్‌లో ‘వోక్స్’, అంటే గొంతు, మన వాక్కుకు చుట్టం. రెండు అర్థాలూ సమానమైన గొంతుతో పలికితే అది రెండర్థాల మాట. ఈక్వినాక్స్‌లో ‘నాక్స్’ అంటే రాత్రి, కార్తీకంలో పగలంతా ఉపవసించి రాత్రి భోంచేసే ‘నక్తం’ దీని బంధువే. మార్చి, సెప్టెంబరుల్లో వచ్చే ఆ రోజున పగలూ రాత్రీ గడియారం లెక్కన సరిసమానం కావు. సూర్యుడి పైఅంచు కనబడగానే ఉదయం అంటాం, పైగా గాలిపొర వెలుగును వంచి సూర్యుణ్ని కాస్త ముందే చూపిస్తుంది. హైదరాబాదులో ఆ రోజు పగలు 12 గంటల మీద దాదాపు 7 నిమిషాలు ఎక్కువ.

ఇంగ్లిషులో హోమోతో మొదలయ్యే పదాలు సమానం కాదు, ‘అదే’ అని చెబుతాయి. ఐసోను మనం సమ అని అనువదిస్తున్నా, పుట్టుకతో సంస్కృత ‘సమ’కు తోబుట్టువు ఐసో కాదు, గ్రీకు ‘హోమోస్’. ఇంగ్లిషు ‘సేమ్’ కూడా ఆ ఇంటిదే.

ఈక్విలోనూ దొంగలున్నాయి. ఈక్వైన్, ఈక్వెస్ట్రియన్ గుర్రానివి: లాటిన్ ‘ఎక్వుస్’, మన అశ్వం, ఒకే మూలం నుంచి వచ్చాయి. ఎక్విప్‌మెంట్‌లో ఉన్నది సమానమూ కాదు, గుర్రమూ కాదు. ఉత్తర ఐరోపా నావికుల భాషలో ఓడను ప్రయాణానికి సిద్ధం చేయడమనే మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి అలా స్థిరపడింది.