చిన్న చేపల మీద పోస్ట్‌డాక్: మొదటి ఏడాది ఎలా గడపాలి

నెత్తళ్ళు, కవళ్ళు, హెర్రింగ్ లాంటి వాటిని ఫోరేజ్ ఫిష్ అంటారు. పెద్ద చేపలకూ, సముద్ర పక్షులకూ, తిమింగలాలకూ మేతయ్యే చేపలన్నమాట. తీరం ఊళ్ళకు తిండీ, సంపాదనా కూడా అవే. వీటి మీద పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం, చేయబోయేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది చేపల సంఖ్యను అంచనా వేయడానికి ఏ మోడల్ (లెక్కల పద్ధతి) వాడాలని. మోడల్ సంగతి రెండో ఏడాది చూసుకోవచ్చు. రెండేళ్ళ ఉద్యోగంలో మీ చేతికి దొరికేది మహా అయితే రెండు సీజన్లు. అవి చేపల సీజన్లు, మీవి కావు.

నేను ఆ లెక్క వేసుకోలేదు. మనుషులతో మాట్లాడాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అది నా చేతికి వచ్చేసరికి మొదటి సీజన్ సగం అయిపోయింది. చేరిన వారంలోనే ఆ దరఖాస్తు పెట్టేయండి. ప్రశ్నలు తర్వాత మారితే సవరణ పంపవచ్చు.

అనుమతి కోసం ఎదురుచూసే రోజుల్లో రేవుకు వెళ్ళి ఊరికే కూర్చోండి. పడవలు ఎన్నింటికి వస్తున్నాయి, చేపలు వేరుచేసేది ఎవరు, ఏ సైజు ఎవరి గంపలోకి పోతోంది చూడండి. వేరుచేసేది చాలాచోట్ల ఆడవాళ్ళే. ఏ నెలలో గుడ్లున్నవి వస్తాయో, ఎప్పటినుంచి సైజు తగ్గిందో వాళ్ళకు వేళ్ళ మీద తెలుసు. నా ప్రపోజల్‌లో మాత్రం "మత్స్యకారులు" అంటే పడవెక్కేవాళ్ళే. ఆ తప్పు దిద్దుకోవడానికే రెండు నెలలు పట్టింది.

ఇక శాంపిల్స్. గంపలో పైన పేర్చిన చేపలు తీసుకోకండి, అమ్మకానికి పెద్దవి పైన పెడతారు. వేరుచేయకముందే ఒక తట్టెడు అడిగి, అందులో ఉన్నవన్నీ కొలవండి. నేను పడవకు 100 చేపలు కొలిచేదాన్ని. వలలో తోక కొసలు విరుగుతాయి కాబట్టి ముక్కు నుంచి తోక చీలిక దాకా కొలవడం మేలు. ఏ పద్ధతైనా సరే, అందరూ అదే పాటించాలి. లేబుల్ పెన్సిల్‌తో రాయండి, ఆల్కహాల్ తగిలితే ఇంకు పోతుంది.

శాంపిల్స్ కుళ్ళకుండా దాచే ద్రవం ఫార్మలిన్ సంగతి విడిగా చెప్పాలి. చేప తలలో చిన్న చెవి రాళ్ళుంటాయి, వాటినే ఒటోలిత్ అంటారు. పిల్ల చేపల్లో ఆ రాయి మీద రోజుకో వలయం చొప్పున పడుతుంది. వెనక్కి లెక్కపెడితే ఏ వారంలో పుట్టిందో తెలుస్తుంది. నేను తొలి శాంపిల్స్‌ని అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో వేశాను. అది ఆమ్లంగా మారితే రాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను తినేస్తుంది. నెలరోజుల తర్వాత తీసి చూస్తే వలయాలు అరిగిపోయి ఉన్నాయి. రాళ్ళు కావాలంటే చేపను ఆల్కహాల్‌లో గానీ ఫ్రీజర్‌లో గానీ ఉంచండి. రాళ్ళు బయటికి తీశాక కడిగి, ఆరబెట్టి దాచండి.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది దిగుబడి లెక్క. ఈ చేపలు గుంపుగా ఉంటాయి. సముద్రంలో సగం తగ్గిపోయినా మిగిలినవి గుంపుకడతాయి, ఆ గుంపు కనబడితే వల నిండుతుంది. పెరూ తీరంలో 1970లో ఆంకోవెటా అనే నెత్తళ్ళ జాతి చేపను 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టారు. 1972లో ఎల్ నినో వల్ల నీళ్ళు వేడెక్కితే, ఉన్న చేపలు తీరం పక్కన మిగిలిన చల్లటి నీళ్ళలోకి చేరి ఇంకా తేలిగ్గా చిక్కాయి. 1973లో 20 లక్షల టన్నులు కూడా పడలేదు. అందుకే "ఎన్ని కిలోలు పడ్డాయి?" అనే ప్రశ్న ఒక్కటే చాలదు. పైగా అది వినగానే పన్నుల వాళ్ళేమోనని అనుమానపడతారు. గుంపు కోసం ఎంతసేపు తిరిగారు, ఎంత దూరం వెళ్ళారు, ఎంత డీజిల్ అయింది, ఖాళీగా ఎన్నిసార్లు తిరిగొచ్చారు అని అడగండి. చేపలు తగ్గిన సంగతి వలలో కంటే డీజిల్ ఖర్చులో ముందు కనిపిస్తుంది.

"పదేళ్ళ క్రితం ఎలా ఉండేది?" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పెద్ద తుఫాను వచ్చిన ఏడు, పిల్ల పెళ్ళి చేసిన ఏడు అని గుర్తు పట్టుకుని అడగండి. ఒకే ఇంట్లో తాతనూ మనవడినీ విడివిడిగా కలవండి. తను పని మొదలుపెట్టినప్పుడున్న సముద్రమే మామూలు సముద్రమని ప్రతి తరమూ అనుకుంటుంది. చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో దీన్నే "షిఫ్టింగ్ బేస్‌లైన్" అన్నాడు. మనవడు "బాగానే ఉంది" అన్నాడంటే అబద్ధమాడుతున్నట్టు కాదు.

వేట చోట్లు వాళ్ళ రహస్యం. జీపీఎస్ పాయింట్లు పేపర్‌లో పెట్టకండి, మ్యాప్ మీద పెద్ద గళ్ళుగా కలిపి చూపండి. ఈ సంగతి ముందే చెబితే మాట కలుపుతారు.

పేపర్ పంపకముందు ఫలితాలు ఊళ్ళోకి తీసుకెళ్ళండి. స్లైడ్లు వద్దు, ఒక పెద్ద చార్టు చాలు. నేను గుడ్లు పెట్టే కాలం ఒకటే అని ఒక్క శిఖరంతో గీత గీశాను. చేపలు వేరుచేసే ఒకావిడ దగ్గరికొచ్చి, ఖాళీగా ఉన్న రెండు నెలల మీద వేలు పెట్టి, "ఇక్కడ నువ్వు రాలేదు కదమ్మా, గుడ్లవి అప్పుడూ వస్తాయి" అంది. నోట్‌బుక్ తీసి చూస్తే నిజమే, ఆ రెండు నెలలూ నేను ఊళ్ళో లేను. మరుసటి ఏడు అవే నెలల్లో వెళ్ళి శాంపిల్స్ తెచ్చాను. రెండో శిఖరం వచ్చింది.