రెండు యుద్ధాల నడుమ అమెరికా: లైబ్రరీలో ఏమీ దొరకడం లేదంటారా?

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధం ఆగింది. 1941 డిసెంబరులో అమెరికా రెండోదానిలో దిగింది. ఈ మధ్యనున్న ఇరవైమూడేళ్ల మీద పరిశోధన మొదలుపెట్టినవారు లైబ్రరీ బల్ల దగ్గరికి వచ్చి ముందుగా అనే మాట: “ఏమీ దొరకడం లేదండీ.” ఆ కాలపు కాగితాలకు కరువేమీ లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంటుంది చాలామంది పరిస్థితి. వెతికే మాట మనది, కాగితం మీద ఉన్న మాట అప్పటివాళ్లది. తరచూ వినే ఫిర్యాదులు, వాటి వెనకున్న కారణాలు, నా అనుభవంలో పనిచేసిన విరుగుళ్లు ఇవి.

సమస్య: “ఇంటర్‌వార్” అని వెతికితే ఐరోపా పుస్తకాలే వస్తున్నాయి

కారణం: రెండు యుద్ధాల నడిమి కాలం అన్న కొలత ప్రధానంగా ఐరోపా చరిత్రది. అమెరికా చరిత్రకారులు ఆ ఏళ్లను 1920ల దశకం, మహామాంద్యం, న్యూడీల్ (మాంద్యం నుంచి గట్టెక్కేందుకు అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం చేపట్టిన పథకాలు) అని విడగొట్టుకున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయశీర్షికల్లోనూ “యునైటెడ్ స్టేట్స్ – హిస్టరీ – 1919–1933” ఒకటి, “1933–1945” మరొకటి. రెండోది రూజ్వెల్ట్ పదవీకాలాన్ని బట్టి గీసిన గీత కాబట్టి రెండో యుద్ధం కూడా దాంట్లోనే కలిసిపోతుంది.

పరిష్కారం: మంచి పుస్తకం ఒక్కటి పట్టుకోండి. కేటలాగులో దాని పూర్తి వివరాలు తెరిచి, అక్కడున్న విషయశీర్షికలను నొక్కండి. దాని తోబుట్టువులన్నీ వరుసగా వస్తాయి. అరల దగ్గరికే వెళ్లి చూసుకునేవారికి పుస్తకాలను అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతిలో, అధ్యక్షుల వారీగా, 973.913 విల్సన్, .914 హార్డింగ్, .915 కూలిడ్జ్, .916 హూవర్, .917 రూజ్వెల్ట్. ఈ ఒక్క అర చూసి తిరిగి రావద్దు. అదే కాలపు ఆర్థిక చరిత్ర 330.973 దగ్గర ఉంటుంది, వలసల చరిత్ర 325.73 దగ్గర, మద్యనిషేధం ఇంకోచోట.

సమస్య: 1920ల పత్రికల్లో “వరల్డ్ వార్ వన్” కనబడటం లేదు

రెండోది రాకముందు మొదటిదాన్ని “మొదటిది” అని ఎవరంటారు? అప్పటి పత్రికలకు అది “ది వరల్డ్ వార్”, “ది గ్రేట్ వార్”, ఇంకా ముందు “యూరోపియన్ వార్”. విన్నాక నవ్వొస్తుంది గానీ, వారం రోజులు వృథా చేసుకున్నాక ఈ సంగతి తెలిసినవారిని చూశాను.

ఇలాంటిదే ఇంకొకటి. 1935 ఏప్రిల్ 14న, బ్లాక్ సండేగా పేరుపడ్డ ఆదివారం, దక్షిణ మైదానాల మీద నల్లటి దుమ్ముగోడ లేచింది. మర్నాడు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్ పంపిన వార్తతో “డస్ట్ బౌల్” అన్న పేరు నలుగురి నోటా పడింది. 1934 కరువును ఆ పేరుతో వెతికితే పత్రికలు పెదవి విప్పవు. “డస్ట్ స్టార్మ్”, “డ్రౌట్” అని అడిగితే పేజీలకు పేజీలు చెబుతాయి. 1932లో బోనస్ డబ్బు కోసం వాషింగ్టన్‌లో డేరాలు వేసిన మాజీ సైనికులు తమను తాము “బోనస్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్” అనుకున్నారు. పత్రికల్లో “బోనస్ ఆర్మీ”, “బోనస్ మార్చర్స్”, “బి.ఇ.ఎఫ్.” అన్నీ కనిపిస్తాయి. ఒక్కటి వెతికి ఊరుకుంటే మిగతావి చేజారుతాయి.

నల్లజాతివారి చరిత్రకు “ఆఫ్రికన్ అమెరికన్” అన్న మాట అప్పటి అచ్చులో దాదాపు పనికిరాదు. “నీగ్రో” అని వెతకాలి. ఈ రోజు నోటితో అనకూడని మాటే అయినా, వెతికే పెట్టెలో రాయక తప్పదు. అయితే మాట సరిచేసినంత మాత్రాన పని పూర్తికాదు, పత్రికను కూడా మార్చాలి. తెల్లవారి దినపత్రికల్లో నల్లవారి ఊసు ఎక్కువగా నేరవార్తల్లోనే వస్తుంది. షికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్ తెరిస్తే పెళ్లిళ్లు, చర్చి సభలు, బేస్‌బాల్ ఆటలు, ఉద్యోగ ప్రకటనలతో ఒక లోకమంతా ఉంటుంది.

పరిష్కారం: మీ సంవత్సరానికి సంబంధించిన “రీడర్స్ గైడ్ టు పీరియాడికల్ లిటరేచర్” సంపుటం తిరగేయండి. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ మాసపత్రికలకు, వారపత్రికలకు అది విషయసూచిక. ఆ ఏడాది ఏ సంగతిని ఏ పేరుతో పిలిచారో అందులోనే తెలిసిపోతుంది. నేనైతే ఒక కాగితాన్ని నిలువునా మడిచి, ఎడమవైపు మన మాట, కుడివైపు అప్పటి మాట రాసుకుంటాను. కుడివైపు కాస్త నిండేదాకా డేటాబేస్ జోలికి పోను.

మాట సరైనదే అయినా ఫలితం రాకపోతే తప్పు యంత్రానిది కావచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి “క్రానిక్లింగ్ అమెరికా”లో 1963 వరకూ పత్రికలు ఉచితంగా ఉన్నాయి. అయితే అక్కడి అక్షరాలను మైక్రోఫిల్మ్ బొమ్మల నుంచి కంప్యూటర్ చదివింది. వరుస చివర హైఫన్‌తో విరిగిన పొడవాటి పేరు దానికి అందదు. పేరులో సగమే ఇచ్చి, తేదీల పరిధి నెలకు కుదించి, పేజీలను కళ్లతో చూడండి.

సమస్య: పథకం పేరు తెలుసు, దస్త్రాలు ఎక్కడో తెలియదు

కారణం: ఆర్కైవ్స్‌లో కాగితాలను విషయాన్ని బట్టి సర్దరు, పుట్టించిన కార్యాలయాన్ని బట్టి సర్దుతారు. మన రెవెన్యూ రికార్డుల గదుల్లో తిరిగినవారికి ఇది కొత్తేమీ కాదు. ఫైలు ఏ సెక్షన్‌లో పుట్టిందో తెలిస్తేనే చేతికొస్తుంది. పైగా న్యూడీల్ కార్యాలయాలు పేర్లు మార్చుకుంటూ పోయాయి. 1935లో “వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్”గా మొదలైన, నిరుద్యోగులకు పనులిచ్చే డబ్ల్యూపీఏ 1939లో “వర్క్ ప్రాజెక్ట్స్ అడ్మినిస్ట్రేషన్” అయింది. పొడి అక్షరాలు అవే, పూర్తి పేరు వేరు.

పరిష్కారం: అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక్కో కార్యాలయపు కాగితాలకు ఇచ్చిన రికార్డ్ గ్రూప్ సంఖ్యతో మొదలుపెట్టండి. డబ్ల్యూపీఏకు 69, అడవుల్లో చెట్లు నాటిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌కు 35. ఆ గ్రూపు జాబితా చదివి, పెట్టె సంఖ్య రాసుకున్నాకే ప్రశ్న పంపండి.

ఫొటోల సంగతి కాస్త విడిగా చెప్పాలి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర డొరోథియా లాంగ్ ఒక ప్రభుత్వ ఫొటో శాఖ కోసం తీసిన వలసకూలీ తల్లి బొమ్మ చూడనివారు అరుదు. దాని అసలు వివరణలో ఆమె పేరు లేదు. బఠాణీలు ఏరే నిరుపేద కూలీలు, ఏడుగురు పిల్లల తల్లి, వయసు ముప్పైరెండు, ఊరు నిపోమో, అంతే. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసింది 1978లో. కాబట్టి ఈ సేకరణలో మనిషి పేరుతో కాదు, ఊరు, పంట, నెల, ఫొటోగ్రాఫర్ పేర్లతో వెతకాలి. ఆ శాఖ కూడా 1935లో రీసెటిల్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్, 1937లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్, 1942లో ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ కింద ఉంది. దాదాపు 1,75,000 నెగటివ్‌లలో చాలావాటికి శీర్షికే లేదు. అలాంటిది ఎదురైతే కాల్ నంబరు ప్రకారం పక్కనున్న ఫొటోలు చూపించే లింకు నొక్కండి. ముందు వెనక ఫొటోల్లో అదే గుడిసె, అదే బండి కనిపిస్తాయి, వాటిలో ఒకదానికైనా వివరణ ఉంటుంది. మధ్యలో నల్లటి గుండ్రటి చుక్క ఉన్న ఫొటో చూసి స్కానింగ్ లోపమనుకోకండి. అక్కర్లేదనుకున్న నెగటివ్‌కు శాఖాధిపతి రాయ్ స్ట్రైకర్ కొట్టించిన చిల్లు అది. పరిశోధకుడికి అది కూడా సాక్ష్యమే.

సమస్య: పుస్తకం కేటలాగులో ఉంది, పేజీలు తెరుచుకోవు

కారణం కాపీహక్కు. అమెరికాలో అచ్చయిన ఆనాటి పుస్తకానికి గరిష్ఠంగా 95 ఏళ్ల హక్కు. 2026 జనవరి 1తో 1930 నాటి పుస్తకాలకూ విడుదల వచ్చింది. 1931 నుంచి వచ్చినవాటి దగ్గర చాలామంది ఆశ వదులుకుంటారు. తొందరపడవద్దు. 1963 వరకూ వచ్చిన పుస్తకాలకు 28వ ఏట హక్కును పునరుద్ధరించుకోవాల్సి ఉండేది, చాలామంది ఆ పని చేయలేదు. స్టాన్‌ఫర్డ్ వారి పునరుద్ధరణల డేటాబేస్‌లో చూడండి. ఫెడరల్ ప్రభుత్వ ప్రచురణలకైతే అసలు హక్కే లేదు. 1929 పతనం తరువాత వాల్‌స్ట్రీట్ బ్యాంకర్లను సెనేట్ కమిటీ నిలదీసిన పెకోరా విచారణల పాఠం సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ వారి ఫ్రేజర్ లైబ్రరీలో ఉచితం.

హాథీ‌ట్రస్ట్ అనే డిజిటల్ లైబ్రరీలో పుస్తకం మూసి ఉన్నా లోపల వెతకనిస్తుంది. మీ మాట ఏయే పేజీల్లో ఉందో చెబుతుంది. ఆ పేజీల సంఖ్యలు రాసుకుని ఇంటర్‌లైబ్రరీ సేవలో ఆ నాలుగు పేజీలే అడగండి. మొత్తం పుస్తకం అడిగితే వచ్చే జవాబుకీ, దీనికి వచ్చే జవాబుకీ చాలా తేడా ఉంటుంది.

సమస్య: కూలిడ్జ్ అధ్యక్ష గ్రంథాలయం నేషనల్ ఆర్కైవ్స్ జాబితాలో లేదు

ఉండదు. ఆ జాబితా హూవర్‌తో మొదలవుతుంది. కూలిడ్జ్ గ్రంథాలయం మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో, ఫోర్బ్స్ పౌరగ్రంథాలయంలో ఉంది. హార్డింగ్ పత్రాలకు ఒహాయో వెళ్లాలి, విల్సన్ పత్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో.

సమస్య: నిరుద్యోగం లెక్కలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉన్నాయి

రెండూ సరైనవే కావచ్చు. 1940కి ముందు నెలనెలా ఇంటింటి సర్వే లేదు, ఉన్నవన్నీ తరువాత కట్టిన అంచనాలు. స్టాన్లీ లెబర్‌గాట్ లెక్కలో 1938 నిరుద్యోగం 19.0 శాతం, మైకేల్ డార్బీ లెక్కలో 12.5. ప్రభుత్వ సహాయ పనుల్లో ఉన్నవారిని మొదటాయన నిరుద్యోగులన్నారు, రెండో ఆయన ఉద్యోగులన్నారు. అంకె వాడినప్పుడు అది ఎవరి లెక్కో కూడా రాయండి.

సమస్య: ఆ కాలంలో అమెరికాలో ఉన్న మనవాళ్లు దొరకడం లేదు

కారణం ఒకటి, పేరు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని “ఎల్లాప్రగడ” కింద వెతికితే ఆనాటి కేటలాగుల్లో నిరాశే. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి అక్కడివారికి తెలియదు. చివరి మాటే వంశనామం అనుకుని “సుబ్బారో, వై.” అని ఎక్కించారు. భాస్వరం కొలిచే పద్ధతి మీద 1925లో వచ్చిన ప్రసిద్ధ వ్యాసం ఫిస్క్, సుబ్బారోల పేరుతోనే ఉంటుంది.

కారణం రెండు, ముద్ర. 1920, 1930, 1940 జనగణనల్లో భారతీయులకు జాతి గడిలో రాసిన మాట “హిందూ”. పంజాబు సిక్కు రైతైనా, ముస్లిం నావికుడైనా అదే ముద్ర. 1923లో భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన నాటి పత్రికల్లోనూ ఆయన “హిందూ”యే. “హిందూ”, “హిందూ”కే పాత స్పెల్లింగు (Hindoo), “ఈస్ట్ ఇండియన్”, ఈ మూడూ వెతకండి. జనగణన కాగితాలు 72 ఏళ్లకు తెరుస్తారు కాబట్టి ఆ మూడు జనగణనలూ ఇప్పుడు చూడవచ్చు. వచ్చిన గుమస్తా విన్నది విన్నట్టు రాశాడు, అందువల్ల పేరు కన్నా ఊరు, వయసు, పుట్టిన దేశం నమ్ముకోవడం మేలు.

సమస్య: మా కాలేజీకి ఖరీదైన డేటాబేస్‌లు లేవు

హైదరాబాదు చుట్టుపక్కలవారు ముందు ఉస్మానియా ప్రాంగణం గుర్తుచేసుకోవాలి. 1964లో అక్కడ మొదలైన అమెరికన్ స్టడీస్ రిసర్చ్ సెంటర్ దేశమంతటి పరిశోధకులకూ పుస్తకాల గని. దాని వారసత్వం ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రానిది. ఏ పుస్తకం అందుబాటులో ఉందో ఫోను చేసి కనుక్కున్నాకే బస్సెక్కండి.

ఎక్కడున్నవారికైనా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ “ఆస్క్ ఎ లైబ్రేరియన్” ఉచితం. “మాంద్యం గురించి సమాచారం పంపండి” అని రాస్తే వాళ్లు పంపేది ఒక జాబితా. “ఓక్లహోమా పత్రికల్లో 1934 మే నుంచి ఆగస్టు వరకు ‘డ్రౌట్’ అని వెతికాను, కౌలుదార్ల గురించి ఏమీ రాలేదు, ఇంకే మాట వాడి ఉంటారు?” అని రాసి చూడండి.