తడిసిన బూట్లు తెల్లారేసరికి ఆరాయి: నా అనుభవం

కార్తీకమాసం ముసుర్లో అమలాపురం దగ్గర కాలవగట్టు మీద పరిగెత్తితే బూట్లు మర్నాటికీ చెమ్మగానే ఉండేవి, మడమలు బొబ్బలెక్కేవి. పొయ్యి పక్కన పెట్టాను, రెండు జతల మేజోళ్లు తొడిగాను, లాభం లేదు.

పనిచేసింది ఇది. ఇంటికి రాగానే రేవడి బురద కడిగి, తాళ్లు వదులుచేసి, లోపలి ఇన్‌సోల్ (పాదం కింద ఉండే మెత్తటి అట్ట) బయటికి లాగాను. అది తియ్యకపోతే మిగతాదంతా దండగే, నీళ్లన్నీ దానికిందే ఉంటాయి. పాత పేపరు ఉండలుచుట్టి వేళ్లదాకా కూరాను. గంటకి తీస్తే పేపరు ముద్దయిపోయింది! మార్చాను. రాత్రి మళ్లీ మార్చి, బూట్లు పక్కకి వాల్చి ఫ్యానుకింద పెట్టాను. పొద్దున్న 5 గంటలకి లోపల పొడి. మడమలకి కొబ్బరినూనె రాసుకుని వెళ్లాను, బొబ్బ రాలేదు. అందులో నూనె వాటా ఎంతో తెలీదు.

నావి పల్చటి మెష్ (జాలీగుడ్డ) బూట్లు. దళసరివి గాని, తుఫానుకి కరెంటు పోయినరోజున ఇవి గాని ఇలాగే ఆరతాయని చెప్పలేను.