చాక్లెట్ సంత్ర ఉండలు: ఎక్కడ చెడతాయి, ఎలా సరిదిద్దుకోవాలి

మహారాష్ట్రలోని చంద్రాపూర్, బల్లార్షా, సిరొంచ వైపు తెలుగు ఇళ్ళలో దీపావళి దాటిందంటే నాగపూర్ సంత్ర, అంటే కమలాపండు, సంచులకొద్దీ దిగుతుంది. పండు తినగా మిగిలిన తొక్క సువాసనను వృథా చేయకుండా ఖర్జూరం, పల్లీలు, కోకోలతో కలిపి, పాకం పట్టే పని గానీ ఓవెన్ అవసరం గానీ లేకుండా చాక్లెట్ ఉండలు కట్టడం మా ఇంట్లో కొన్నేళ్ళుగా సాగుతోంది. పని తేలికే అయినా చెడిపోయే మార్గాలు చాలా ఉన్నాయి. నా అనుభవంలో వాటిలో ఎక్కువ భాగం రెండింటి దగ్గరే మొదలవుతాయి: ఒకటి పండులోని నీరు, రెండోది మన ఊరి వేడి. అందుకని ఏదైనా చెడినప్పుడు పదార్థాలను అనుమానించే ముందు నీరు ఎక్కడి నుంచి వచ్చింది, గది ఎంత వేడిగా ఉంది అన్నవి చూసుకోవడం మంచిది.

దిగువ చెప్పేదంతా ఈ కొలతకు సంబంధించినది: గింజ తీసిన మెత్తని ఖర్జూరం 200 గ్రాములు, వేయించి పొట్టు తీసిన పల్లీలు 100 గ్రాములు, వేయించిన ఓట్స్ 100 గ్రాములు, కోకో పొడి 25 గ్రాములు, రెండు సంత్రల తొక్క తురుము, ఒక టీస్పూను రసం, చిటికెడు ఉప్పు, పైపూతకు 150 గ్రాముల డార్క్ చాక్లెట్. ఖర్జూరం రుబ్బి, పల్లీలు, ఓట్స్ పొడిచేసి, మిగతావి కలిపి ఉండలు కట్టి, కరిగించిన చాక్లెట్‌లో ముంచడమే పని. దీనికి పెద్ద ఉసిరికాయంత ఉండలు 22 దాకా వస్తాయి.

కరుగుతున్న చాక్లెట్ ఉన్నట్టుండి ముద్దకట్టింది

నిగనిగలాడుతూ జారుతున్న చాక్లెట్ క్షణంలో తడి ఇసుకలా బిగుసుకుపోతే అందులో నీరు పడిందని అర్థం. చాక్లెట్‌లో చక్కెర, కోకో రేణువులు కొవ్వులో తేలుతూ ఉంటాయి. కొద్దిపాటి నీరు తగిలితే ఆ రేణువుల పైభాగం తడిసి ఒకదానికొకటి అంటుకొని గడ్డకడతాయి. చెంచాకు అంటిన ఒక్క చుక్క, కింది గిన్నె నుంచి ఎగసిన ఆవిరి, సరిగా ఆరని గరిటె, ఇవేవైనా చాలు. మన ఉండల విషయంలో అసలు దోషి చాలాసార్లు సంత్ర రసమే. రుచి పెరుగుతుందనే ఆశతో పైపూతలో రెండు చెంచాల రసం పిండి, పండుగ ముందురోజు 400 గ్రాముల చాక్లెట్‌ను ముద్ద చేసుకున్నాను కనుక ఈ మాట గట్టిగా చెప్పగలుగుతున్నాను. రసంలో ఎక్కువ భాగం నీరే. పూతలో సంత్ర వాసన కావాలంటే తొక్క తురుమును ఒక చెంచా గోరువెచ్చని నెయ్యిలో పది నిమిషాలు ఉంచి, వడకట్టి, ఆ నెయ్యిని కలపాలి. తొక్కలోని సువాసన నూనె నెయ్యిలోకి దిగుతుంది, చాక్లెట్‌కు హాని చేయదు.

ముద్దకట్టిన చాక్లెట్‌ను పారేయనక్కరలేదు. వింతగా అనిపించినా దానికి మందు మరింత నీరే: 100 గ్రాముల చాక్లెట్‌కు మొత్తం మీద రెండు టేబుల్ స్పూన్ల వేడినీరు గానీ వేడి పాలు గానీ కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా కలిపితే చక్కెర కరిగి, రేణువులు విడిపోయి మళ్ళీ నున్నగా జారుతుంది. అది ఇక పూతకు పనికిరాదు, ఆరి గట్టిపడదు. దాన్ని ఆ రోజే ఖర్జూరం మిశ్రమంలో కలిపి, దానికి సరిపడా ఓట్స్ పెంచి, ఫ్రిజ్‌లో పెట్టుకొని నాలుగు రోజుల్లో తినేయాలి.

ముద్దకట్టడంతో పాటు మాడు వాసన కూడా వస్తుంటే కారణం నీరు కాదు, మంట. చాక్లెట్‌ను నేరుగా పొయ్యిమీద పెట్టకుండా, కింది గిన్నెలో నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట ఆపేసి, నీటికి తగలకుండా పైగిన్నె ఉంచి కరిగించాలి. డార్క్ చాక్లెట్ 50 డిగ్రీలు దాటనవసరం లేదు, పాల చాక్లెట్ అంతకంటే తక్కువకే చెడుతుంది. మాడినదానికి పరిష్కారం లేదు.

ఉండ చేదుగా ఉంది

కోకో చేదు నాలుక మీద మొదట తగిలి తగ్గిపోతుంది. సంత్ర చేదు మింగిన తరువాత గొంతులో నిలుస్తుంది. ఈ తేడా గుర్తుపడితే కారణం సగం దొరికినట్టే.

గొంతులో నిలిచే చేదుకు మొదటి కారణం తొక్క కింద ఉండే తెల్లని పొర. 2014లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నాగపూర్ సంత్రకు తొక్క వదులుగా ఉంటుంది. వలుచుకోవడానికి అది ఎంత హాయో తురమడానికి అంత ఇబ్బంది, ఎందుకంటే తురుముపీట మీద రాయగానే తొక్క ముడతపడి, తెల్లని పొరతో సహా చిరిగి వస్తుంది. వలిచిన తొక్కను తురిమే ప్రయత్నం అసలు చేయకూడదు. పండును గోరువెచ్చని నీటితో రుద్ది కడిగి, తుడిచి, ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచితే తొక్క కాస్త బిగుస్తుంది. అప్పుడు వలవని పండును సన్నని రంధ్రాల తురుముపీట మీద ఒక్కోచోట ఒక్కసారే, బరువు వేయకుండా రాసి, నారింజ రంగు తగ్గి తెలుపు కనిపించగానే పక్కకు జరపాలి.

రెండో కారణం చాలామందికి తట్టదు. రాత్రి పిండినప్పుడు తియ్యగా ఉన్న రసం తెల్లారేసరికి చేదెక్కుతుంది. పండు కణాల్లో చేదు లేని రూపంలో ఉండే ఒక పదార్థం, పిండిన తరువాత రసంలోని ఆమ్లం వల్ల లిమోనిన్ అనే చేదు పదార్థంగా మెల్లగా మారుతుంది. వేడి ఈ మార్పును త్వరపెడుతుంది కాబట్టి రసాన్ని మరిగించి చిక్కబరిస్తే రుచి చిక్కబడకపోగా చేదే చిక్కబడుతుంది. గింజలు నలిగితే చేదు మరింత ఎక్కువ. అందువల్ల తొనలను మిక్సీలో తిప్పకుండా చేత్తో పిండి, గింజలు వడకట్టి, అప్పటికప్పుడే ఆ ఒక్క టీస్పూను కలపాలి. ఇప్పటికే చేదెక్కిన మిశ్రమానికి చక్కెర పెంచడం కంటే రెండు చిటికెల ఉప్పు, మరో 50 గ్రాముల ఖర్జూరం కలపడం మెరుగు, ఎందుకంటే ఉప్పు కూడా చేదును అణచుతుంది.

నాలుక మీది చేదు మాత్రమే అయితే కోకోను 25 నుంచి 15 గ్రాములకు తగ్గిస్తే సరిపోతుంది.

సంత్ర వాసనే తెలియడం లేదు

వాసన రసంలో కాదు, తొక్క నూనెలో ఉంటుంది. తురిమి అరగంట గాలికి వదిలినా, వేడి చాక్లెట్‌లో వేసినా అది ఎగిరిపోతుంది. తురుమును తురిమిన వెంటనే ఒక చెంచా చక్కెరతో వేళ్ళమధ్య నలిపి, చక్కెర తడిసి రంగు మారాక, చల్లని ఖర్జూరం మిశ్రమంలో చివరిగా కలపాలి. ఆ పూట కంటే మరునాడు వాసన బాగా పట్టి ఉంటుంది కాబట్టి వెంటనే రుచి చూసి తురుము పెంచేయకూడదు.

ఎండాకాలంలో ఈ సమస్య వేరే రూపంలో వస్తుంది. సంత్రకు ఏటా రెండు కాపులు. అంబియా కాపు చలికాలం మొదట్లో, మృగ్ కాపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో దిగిన తరువాత మంచి సంత్ర దొరకడం కష్టం. మే నెలలో దొరికే వాడిన పండు తొక్కలో నూనె అంతగా ఉండదు. దానితో కుస్తీ పట్టడం కంటే నిమ్మ తొక్కకు మారడం తెలివైన పని. అయితే నిమ్మ తురుము సంత్ర కొలతలో సగమే వేయాలి.

ఉండ నిలవడం లేదు, లేదా చేతికి బంకలా అంటుకుంటోంది

రెండింటికీ కారణం ఖర్జూరంలోని తడే. గట్టిగా ఎండిన ఖర్జూరం అయితే ఉండ పొడిపొడిగా రాలుతుంది. దాన్ని వేడినీటిలో పది నిమిషాలు నానబెట్టి, నీరు వంపి, గుడ్డతో అద్ది, అప్పుడు రుబ్బాలి. రాలుతున్న మిశ్రమంలో రసం పోసి కలపాలనే బుద్ధి పుట్టడం సహజమే కానీ, అలా పోసిన ప్రతి చెంచా నిల్వను తగ్గిస్తుంది. బంకగా ఉంటే పొడిచేసిన ఓట్స్ చెంచా చెంచా కలిపి పావుగంట ఆగాలి. ఓట్స్ తడిని లాగడానికి ఆ సమయం అవసరం. ఆగకుండా పొడి మీద పొడి వేస్తే మరునాటికి ఉండ రాయి అవుతుంది.

ఉండ మీద నూనె మెరుస్తుంటే పల్లీలు మిక్సీలో ఎక్కువసేపు తిరిగి వేడెక్కి నూనె వదిలాయన్నమాట. ఆపి ఆపి, బరకగా తిప్పితే చాలు. పచ్చి పిండి వాసన వస్తే ఓట్స్ వేగలేదు.

పూత గట్టిపడటం లేదు

ఇది మన జిల్లాల ప్రత్యేక సమస్య. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే నోట్లో వేసుకుంటే కరగడానికి సరిగ్గా సరిపోయే వేడి. మేలో చంద్రాపూర్ ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను కింద గది కూడా ఆ గీతకు పైనే ఉంటుంది. అక్కడ కోకో వెన్నతో చేసిన ఏ చాక్లెట్ అయినా ద్రవంగానే ఉండటం దాని స్వభావమే తప్ప మన తప్పు కాదు.

టెంపరింగ్, అంటే పూత నిగనిగలాడుతూ గట్టిపడేలా చాక్లెట్‌ను కరిగించి మెల్లగా చల్లార్చడం, చేసినా ఫలితం రాలేదంటే కారణం అదే. మూడింట రెండు వంతుల చాక్లెట్‌ను 45 డిగ్రీలకు కరిగించి, మిగతా వంతును సన్నగా తరిగి కలుపుతూ 31, 32 డిగ్రీలకు దింపాలన్నది పద్ధతి. గదే 36 డిగ్రీలుంటే ఎంత కలిపినా అది 32కు ఎలా దిగుతుంది? ఎండలు ముదిరాక ఈ పని తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో చేయాలి. రెండూ కుదరకపోతే కాంపౌండ్ చాక్లెట్ వాడటంలో తప్పు లేదు. అందులో కోకో వెన్నకు బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది కనుక టెంపరింగ్ అక్కరలేదు, రుచి మాత్రం ఒక మెట్టు తక్కువ. పొట్లం మీద పదార్థాల జాబితా చదివితే ఏది ఏదో తెలుస్తుంది. పూత పలచబడటానికి కొబ్బరినూనె కలపమని చెప్పేవారి మాట ఇక్కడ వినకండి. అది 24 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పూతను మరింత మెత్తబరుస్తుంది. ఇందాక చెప్పిన నెయ్యి కూడా చలికాలానికే.

పూత మీద తెల్లని మచ్చలు, చారలు

వేలితో రుద్ది చూడాలి. జిడ్డుగా తగిలి చెదిరిపోతే అది కొవ్వు పైకి తేలడం వల్ల వచ్చింది. టెంపరింగ్ కుదరకపోయినా, పూత ఒకసారి మెత్తబడి మళ్ళీ గట్టిపడినా ఇలా అవుతుంది. గరుకుగా తగిలితే అది చక్కెర. చల్లని పూత మీద గాలిలోని తేమ చుక్కలుగా చేరి, చక్కెరను కరిగించి, ఆరిపోతూ పైన వదిలేసింది. రెండూ చూపుకే లోపం, తినడానికి ఇబ్బంది లేదు.

చక్కెర మచ్చలకు మన ఇళ్ళలో పెద్ద కారణం కూలరు. నీళ్ళ కూలరు గదిని చల్లబరిచేది తేమతోనే. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండల పళ్ళెం దాని ఎదురుగా పెడితే ఐదు నిమిషాల్లో చెమట పడుతుంది. పూత పూసే గదిలో కూలరు ఆపేయాలి. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు మూత బిగిసే డబ్బాలో పెట్టి, తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తెరవకూడదు. చెమట డబ్బా మీద పడుతుంది, ఉండల మీద కాదు.

పూత పగుళ్ళిస్తే లోపలి ఉండ మరీ చల్లగా ఉన్నప్పుడు ముంచారని అర్థం. బయటికొచ్చాక అది వ్యాకోచించి గుల్లను చీలుస్తుంది. ముంచడానికి ముందు ఉండలను ఇరవై నిమిషాలు బయట ఉంచితే చాలు.

రెండు మూడు రోజులకే పుల్లని వాసన

రసం ఎక్కువైంది, లేదా తొనల ముక్కలు కలిశాయి. తడి ముక్క చుట్టూ మొదట బూజు పడుతుంది, పైపూత ఉండటం వల్ల అది కంటికి కనిపించదు. అలాంటి ఉండను సగం కోసి మిగతాది తినే పొదుపు వద్దు, మొత్తం పారేయాలి. చెప్పిన కొలతలో చేసినవి ఫ్రిజ్‌లో వారం నిలుస్తాయి. కరెంటు తరచూ పోయే రోజుల్లో ఆ లెక్క కూడా తగ్గించుకోవాలి.

సిరొంచ బస్సులోనో, కాజీపేట వైపు రైల్లోనో బంధువులకు పంపాలంటే ఫిబ్రవరి దాకా పూతతో పంపవచ్చు. ఆ తరువాత పూత మానేసి, ఆ 150 గ్రాముల చాక్లెట్‌లో 50 గ్రాములు సన్నగా తరిగి మిశ్రమంలోనే కలిపి, ఉండలను వేయించిన నువ్వుల్లో దొర్లించి పంపుతున్నాను. దారిలో చాక్లెట్ కరిగినా లోపలే ఉంటుంది, డబ్బాకు అంటదు.