శ్రావణంలో ఇల్లు కొంటున్నారా? టోకెన్ వేసేముందు అకౌంట్ పేరు చూడండి

ఆషాఢం వెళ్ళాక అడ్వాన్స్ (టోకెన్) ఇద్దామనుకునే మనవాళ్ళు బెంగళూరులో చాలామంది ఈ నెలంతా ఫోన్‌లోనే ఇళ్ళు వెతుకుతుంటారు. మోసగాళ్ళకూ ఇదే అదను. పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో ఉండే కడప అబ్బాయి రెండు లక్షలు పోగొట్టుకున్నాడు. మారతహళ్ళిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఫోటోలు, సేల్ డీడ్ కాపీ, ఓనరు ఆధార్ అన్నీ వాట్సాప్‌లో వచ్చాయి. డీడ్ నిజమైనదే, ఫ్లాటూ ఉంది, ఓనరూ ఉన్నాడు. మెసేజ్ పెట్టినవాడు మాత్రం ఓనరు కాదు. "సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది, టోకెన్ వేస్తే మీకోసం ఆపుతా" అన్నాడు. పిన్ కొట్టేముందు స్క్రీన్ మీద వేరే పేరు కనిపించింది. అడిగితే, "మా బావమరిది అకౌంటండీ, నాది లిమిట్ అయిపోయింది" అన్నాడట. అది నమ్మి పిన్ కొట్టేశాడు. స్క్రీన్‌షాట్ నేను చూశాను, పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

ఓటీపీ చెప్పొద్దన్నది అందరికీ తెలుసు, ఆ సంగతి వదిలేస్తున్నాను. నాకు తెలిసిన కేసుల్లో కొంప ముంచింది ఒక్కటే. పత్రంలో ఓనరు పేరు ఒకటి, డబ్బు వెళ్ళిన అకౌంట్ పేరు ఇంకొకటి.

ఓనరు దగ్గర కొంటే

వాళ్ళు పంపిన ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) నమ్మకండి. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో ఫీజు కట్టి మీరే తీసుకోండి. కన్నడంలో ఉంటుంది, కానీ లిపి మనదానికి దగ్గరే, పేర్లు చదువుకోవచ్చు. చివరి లావాదేవీలో కొన్నది ఎవరో చూడండి. ఈ-ఖాతాలో (స్థానిక సంస్థ ఇచ్చే ఆస్తి రికార్డు) పేరు కూడా అదే ఉండాలి, ఈ-ఖాతా లేకుండా ఇక్కడ రిజిస్ట్రేషనే జరగదు. పాన్ ముందే అడగండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి పట్టుకునే పన్ను) కట్టాల్సింది కొనేవాళ్ళే, దానికి అమ్మేవాళ్ళ పాన్ కావాలి. దొంగ ఓనరు ఇక్కడే నీళ్ళు నమలడం మొదలుపెడతాడు.

ఈసీ, ఈ-ఖాతా, పాన్, బ్యాంకు అకౌంట్. నాలుగింటిలో ఒకటే పేరు ఉంటేనే టోకెన్.

బిల్డరు దగ్గర కొంటే

ప్రాజెక్టు నంబరు కర్ణాటక రెరా (బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో మీరే కొట్టి చూడండి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. "ఆడిట్ జరుగుతోంది, ఈసారి కొత్త అకౌంట్‌కి వేయండి" అని మెయిల్ వస్తే ఆగండి. ఆ మెయిల్‌లోని నంబరుకు కాదు, అగ్రిమెంట్ మీదున్న నంబరుకు ఫోన్ చేయండి, లేదా ఆఫీసుకే వెళ్ళండి. ఇదీ అకౌంట్ పేరు మోసమే.

ఇక మిగతావి:

- ఇల్లు కళ్ళారా చూడకుండా రూపాయి పంపకండి. మీరు సొంతూళ్ళో ఉంటే ఇక్కడున్న చిన్నాన్ననో స్నేహితుణ్ణో పంపండి.
- "ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, తక్కువకే ఇస్తా" అంటే ఫోన్ పెట్టేయండి.
- డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, మీరు క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు.
- స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమంటే వేయకండి.
- నెఫ్ట్‌లో (బ్యాంకు బదిలీ) మీరు టైప్ చేసిన పేరు నమ్ముకోకండి. డబ్బు అకౌంట్ నంబరును బట్టి వెళ్తుంది. ముందు పేరు సరిచూసే సదుపాయం మీ బ్యాంకు యాప్‌లో ఉంటుంది, వాడండి.
- రిజిస్ట్రేషన్ అయ్యాక ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. పత్రాల మీది వేలిముద్రలతో డబ్బు లాగిన కేసులు 2023లో ఇక్కడే బయటపడ్డాయి.
- బావమరిది అకౌంట్ వద్దు. భార్య అకౌంట్ వద్దు, ఆమె పేరు డీడ్‌లో ఉంటే తప్ప. బ్రోకరు అకౌంట్ అసలే వద్దు.
- డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో తిడతారని ఆ కడప అబ్బాయి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఫోన్ చేసేసరికి ఆ అకౌంట్‌లో ఏమీ మిగల్లేదు.